ముల్లుగారింటి బోరు

ఆయన్ను బజారంతా ముల్లుగారనేది. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ఏ కొట్టుకు వెళ్ళినా ఎదురుగా ఉన్నవాడి మొహం చూడక ముందే కాటా మీది ముల్లు చూసేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. ఎక్కడ పడితే అక్కడ గుచ్చుకుంటాడు కాబట్టి వచ్చిందని బజారు నమ్మకం. రిటైరై నాలుగేళ్ళయినా ఆయన చూపు మాత్రం రిటైరు కాలేదు. పాలు పోయించుకున్నాక నురగ దిగేదాకా పాలవాణ్ణి గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఎదురింటి టైలరు దగ్గర చొక్కా కుట్టిస్తే, మిగిలిన ముక్కలన్నీ అడిగి తెప్పించుకుని, చొక్కా పక్కన పరిచి, ఇచ్చిన గుడ్డంతా వచ్చిందో లేదో చూసుకునేవాడు.

అలాంటి మనిషి గుమ్మం ముందుకు ఒక పొద్దున తోపుడుబండి వచ్చి ఆగింది. బండి మీద ఇనుప పైపులు, వెదురు గడలు, ఒక గొలుసు. ముందు నుంచి లాగుతున్నవాడు ఆయన బావమరిది, అంటే భార్య తోడబుట్టిన తమ్ముడు. వెనక నుంచి తోస్తున్నది ఆ తమ్ముడి భార్య. ఆడవాళ్ళు ఫోన్లలో మాట్లాడుకునేవాళ్ళేమో గానీ, మగవాళ్ళిద్దరి మధ్యా మాటలు పోయి పన్నెండేళ్ళయింది.

"బావగారూ, బాగున్నారా? పెరట్లో చేతిబోరు వేద్దామని వచ్చాం," అన్నాడు బావమరిది తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పుతూ.

"ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు. అక్క పడిందని తెలిసింది."

"ఎంత తీసుకుంటావు?"

"భలేవారే! అక్క దగ్గర నేనేం తీసుకుంటాను?"

ముల్లుగారి లోపలి ముల్లు అక్కడే ఒక పక్కకు వాలిపోయింది. కూలి అడిగేవాడి గుట్టు కూలిలోనే ఉంటుంది. ఉత్తపుణ్యానికి చేస్తానని వచ్చినవాడి గుట్టు ఎక్కడని వెతకాలి? పైగా ఆ 'గారు' ఒకటి. ఒకప్పుడు వీడు "బావా, ఇలా రా, బావా, ఇది తిను" అంటూ భుజం మీద చెయ్యి వేసి తిరిగినవాడు. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడని సామెత ఉంది గానీ, సామెత చెప్పినవాడెవడూ సొంత బావమరిది కొట్టు మీద కేసు రాసి ఉండడు.

ఇంటికి బోరు అవసరమా అంటే, ఎంతైనా అవసరమే. వీధి చివర కుళాయి ఒక్కటే ఆ సందుకంతా దిక్కు. ముల్లుగారి భార్య రోజుకు పది బిందెలు మోసేది. రెండు నెలల క్రితం నిండు బిందెతో వెనక మెట్టు మీద జారి మోకాలు చిట్లించుకుంది. ఇకమీదట బరువు మోస్తే ఆ కాలు మీద ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. కట్టు విప్పిన మర్నాటి నుంచే ఆవిడ మళ్ళీ బిందె ఎత్తుకుంది. ఎత్తుకోక ఏం చేస్తుంది? "కుళాయి నుంచి ఇంటికి నూట నలభై అంగలండీ," అనేది ఒగరుస్తూ. "నూట పన్నెండే, నేను లెక్కపెట్టాను," అనేవాడు ముల్లుగారు పడకకుర్చీలోంచి. అంకె తప్పితే ఆయన ఊరుకోడు. బిందె ఎత్తుకోవడం మాత్రం ఆయన శాఖ కాదు.

ఆ సందులోకి బోరు లారీ దూరదు. చేతిబోరు ఒక్కటే దారి. అదీ లాటరీయే. అదే వరసలో రెండిళ్ళవాళ్ళు వేయిస్తే రెండిటిలోనూ ఉప్పునీళ్ళు పడ్డాయి. ఒకాయన పూడ్చేశాడు, ఇంకొకాయన ఆ నీళ్ళతో సైకిలు కడుక్కుని తుప్పు పట్టించుకున్నాడు.

"రానివ్వండి, వాడేం పరాయివాడా," అంది భార్య గుమ్మంలోంచి. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. వీడు వస్తాడని దీనికి ముందే తెలుసా అన్న అనుమానం ముల్లుగారికి వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

పన్నెండేళ్ళ కిందటి సంగతి ఇది. బావమరిదికి బజారు మొదట్లో పప్పుల కొట్టు ఉండేది. ముల్లుగారు ఒకనాడు చెప్పాపెట్టకుండా తనిఖీకి వెళ్ళాడు. కిలో బాటు ఇరవై గ్రాములు తక్కువ తూగింది. తిరగేసి చూస్తే, అడుగున శాఖవాళ్ళు సీసం పోసి ముద్ర కొట్టిన గుంట ఖాళీగా ఉంది. "సీసం ఎప్పుడు రాలిపోయిందో బావా, నేను చూసుకోలేదు," అన్నాడు బావమరిది. ముల్లుగారు కాగితం తీసి, అందరినీ అడిగినట్టే అడిగాడు. "తెలిసి చేశావా, తెలియక చేశావా?"

"తెలియక."

అందరూ అదే చెబుతారు. ముల్లుగారు 'తెలిసే' అని రాశాడు. సొంత బావమరిదినే వదల్లేదు, మనిషంటే ముల్లుగారే అని బజారు నెల రోజులు చెప్పుకుంది. ఆయన ఆ నెల రోజులూ కొంచెం నిటారుగా నడిచాడు. మూడో నెలకి కొట్టు మూతపడింది. బావమరిది ఎక్కడికో వెళ్ళి బోర్లు వేసే పని నేర్చుకున్నాడని తర్వాత తెలిసింది.

అదండీ సంగతి. ఇప్పుడు ఆ మనిషి వచ్చి, ఉచితంగా మీ పెరట్లో గొయ్యి తీస్తానంటున్నాడు. ముల్లుగారి స్థానంలో ఎవరున్నా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు. ముల్లుగారు ముందుకు, వెనక్కి, పక్కలకి, అన్ని వైపులా చూశాడు.

మొదటి అనుమానం చోటు మీద. పెరడంతా ఖాళీగా ఉంటే, బావమరిది ఎడమ చేతి మూల, సరిగ్గా ముల్లుగారి గది కిటికీ కింద గీత గీశాడు.

"అక్కడే ఎందుకు?"

"మరుగుదొడ్డి ఆ చివర ఉంది కదా. దానికి ఎంత దూరమైతే అంత మంచిది. వంటింటికి దగ్గర, అక్కకి నాలుగు అంగలు."

చెప్పింది సబబుగానే ఉంది. సబబుగా ఉండటమే ముల్లుగారికి నచ్చలేదు. దొంగ బాటు ఎప్పుడూ అసలు బాటు కన్నా నున్నగా మెరుస్తుంది.

రెండో అనుమానం పని తీరు మీద. వెదురు గడలతో ఒక గూడు నిలబెట్టి, మధ్యలో పొడవాటి దూలం ఒకటి అడ్డంగా వేలాడదీశారు. దూలానికి ఒక చివర గొలుసుతో ఇనుప పైపు కట్టారు. రెండో చివర తమ్ముడి భార్య ఎక్కి తొక్కేది. ఆవిడ తొక్కితే పైపు లేచేది, వదిలితే దిగబడేది. మాట్లాడని మనిషి. "నీళ్ళు తాగుతావా అమ్మా?" అని ముల్లుగారు అడిగితే "ఒద్దన్నయ్యగారూ" అనేది, అంతే. బావమరిది పైపు నెత్తిన అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. పైపు లేచేటప్పుడు అరచేత్తో మూత వేసేవాడు, దిగేటప్పుడు తీసేవాడు. తీసినప్పుడల్లా పైపు నోట్లోంచి బురదనీళ్ళు భక్కున పొంగేవి. కిందనున్న మట్టి అలా పైపులోంచే పైకి వచ్చేస్తుంటే, పైపు అంగుళం అంగుళం దిగిపోయేది.

మూసే చెయ్యి, తీసే చెయ్యి. ముప్ఫై ఏళ్ళు బజారులో చేతులు చూసిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఆ అరచేతి కింద ఏముంది?" అని అడిగాడు ముల్లుగారు రెండో రోజు, ఉండబట్టలేక.

"గాలి, బావగారూ."

"గాలికి అంత మూత ఎందుకు?"

"మూత లేకపోతే నీళ్ళు కిందికి జారిపోతాయి. నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించేటప్పుడు పెదాలు మూస్తారు కదా, అదీ ఇంతే."

మూడో అనుమానం అన్నిటికన్నా పెద్దది. ఈ పద్ధతిలో తవ్వాలంటే పైపు చుట్టూ గుంట తీసి, దాన్నెప్పుడూ నీళ్ళతో నింపి ఉంచాలి. ఆ నీళ్ళే కిందికి దిగి, మట్టిని కరిగించి పైకి తెస్తాయి. తెల్లవారగానే మొగుడూ పెళ్ళాలిద్దరూ కుళాయి నుంచి డబ్బాలతో మోసి రెండు వందల లీటర్ల డ్రమ్ము నింపేవాళ్ళు, ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ నింపేవాళ్ళు. నిండగానే బావమరిది వేలు ముంచి నాలుక మీద వేసుకుని "మంచివే" అనేవాడు. ఆ తర్వాత ఆ నీళ్ళన్నీ గోతిలో పోసేవాడు.

నీళ్ళ కోసం బోరు వేయించుకుంటుంటే, ఉన్న నీళ్ళు తీసుకెళ్ళి బోరులో పోస్తాడేమిటి? ముల్లుగారు పెన్సిలు తీశాడు. మూడో రోజు సాయంత్రానికి పోసినవి పదకొండు డ్రమ్ములు. బురదగా పైకి వచ్చినవి, ఆయన కంటి కొలతకి తొమ్మిది. తక్కినవి ఎక్కడ?

"భూమి తాగింది," అన్నాడు బావమరిది.

"భూమి తాగిందో, దాచిపెట్టిందో," అన్నాడు ముల్లుగారు.

ఆ మాట పైకి వచ్చాక ఆయన బుర్రలో మొత్తం కేసు తయారైపోయింది. వీడు రోజూ నీళ్ళు పోస్తున్నాడు. ఆ నీళ్ళు అడుగున నిలవ ఉంటాయి. చివరి రోజు పంపు బిగించి కొడతాడు. పోసిన నీళ్ళే బయటికి వస్తాయి. అక్క మురిసిపోతుంది. వీధంతా వచ్చి చూస్తుంది. వీడు బండి కట్టుకుని వెళ్ళిపోతాడు. వారానికి పంపు దగ్గుతుంది, పది రోజులకి గాలి కక్కుతుంది. అప్పుడు బజారంతా ఏమంటుంది? అందరి తూకాలూ పట్టినవాడు ఇంట్లో పోసిన నీళ్ళకి మోసపోయాడంటుంది. పన్నెండేళ్ళు కాచుకుని కూర్చున్నవాడి పగ ఇలాగే ఉంటుంది, చడీచప్పుడు లేకుండా.

దానికి తోడు పొట్లాలు. ప్రతి రెండు మూడు అడుగులకీ బావమరిది పైపు నోట్లోంచి వచ్చిన మట్టి చిటికెడు తీసి, కాగితంలో పొట్లం కట్టి సంచిలో వేసుకునేవాడు. అతను మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ముల్లుగారు ఒక పొట్లం విప్పి చూశాడు. నల్లటి బంకమట్టి. కాగితం మీద '18' అని అంకె. ఇంకొకటి విప్పాడు. పచ్చటి మట్టి, '27'. వాసన చూశాడు. ఎండలోకి పట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడంతో అనుమానం ఇంకా బలిసింది.

"వాడు మన మట్టి పట్టుకుపోతున్నాడు," అన్నాడు భార్యతో.

"పట్టుకుపోనివ్వండి. నా మోకాలి నొప్పి కూడా ఒక పొట్లం కట్టివ్వనా?" అంది ఆవిడ కూరగాయలు తరుగుతూ.

నాలుగో రోజు నలభై నాలుగు అడుగుల దగ్గర ఇసుక తగిలింది. పైపు దిగే చప్పుడే మారిపోయింది. అంతదాకా ధబ్ ధబ్‌మన్నది, ఇప్పుడు గరగరమంది. బావమరిది అరచేతిలో ఇసుక వేసుకుని బొటనవేలితో నలిపి, నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"లావు ఇసుక, అక్కా! ఇంకో రెండు మూడడుగులు పోయి రుచి చూద్దాం. తియ్యగా ఉంటే రేపే ప్లాస్టిక్ పైపు దించేస్తాను."

ముల్లుగారికి సమయం మించిపోతోందని తెలిసిపోయింది. సాక్ష్యం కావాలి. పోసిన నీళ్ళేవో, పడిన నీళ్ళేవో తేల్చే గుర్తు కావాలి. నీలిమందు కలిపితే రంగు కనబడిపోతుంది. కనబడనిది ఏది?

మధ్యాహ్నం ముగ్గురూ లోపల భోజనానికి కూర్చున్నారు. ముల్లుగారు తన భోజనం తొందరగా ముగించుకుని వంటింట్లోకి వెళ్ళాడు. ఉప్పు జాడీ దించాడు. చూడండి మరి, తప్పు చేసేటప్పుడు కూడా ఆయన తూకం తప్పలేదు. గదిలోంచి తన పాత చేతికాటా తెచ్చి, ముల్లు నిటారుగా నిలబడేదాకా ఓపిగ్గా తూచి, సరిగ్గా రెండు కిలోలు కొలిచాడు. పెరట్లోకి వెళ్ళి, భోజనానికి ముందే వాళ్ళు నింపి ఉంచిన డ్రమ్ములో పోసి, కరిగేదాకా కర్రతో తిప్పాడు. రేపు పంపులోంచి ఉప్పగా వచ్చాయా, అవి పోసిన నీళ్ళు, వీడు దొంగ. తియ్యగా వచ్చాయా, భూమి నీళ్ళు, వీడు దొర. ఇంత సుళువైన పరీక్ష తన సర్వీసు మొత్తంలో తట్టలేదే అనుకుంటూ వచ్చి పడకకుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకునే పాలు తాగుతుంది.

ఆయనకి తట్టనిది ఒక్కటే. బోరువాడికి నాలుకే కాటా. డ్రమ్ము నిండగానే నీళ్ళు మంచివే అని చూసుకున్నాక, పైపులోంచి వచ్చేదాంట్లో ఏ రుచి తగిలినా అది కిందిదేనని అతను నమ్ముతాడు. మరి ఎలా నమ్మకుండా ఉంటాడు?

మూడు గంటలు దాటాక పెరట్లో దూలం చప్పుడు ఆగింది. ముల్లుగారు లేచి వెళ్ళేసరికి బావమరిది పైపు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. దోసిట్లోకి నీళ్ళు పట్టి నోట్లో పోసుకున్నాడు. ఉమ్మేశాడు. ఇంకోసారి పట్టి చూశాడు. ఈసారి చాలాసేపు నోట్లోనే ఉంచుకుని ఉమ్మేశాడు. తర్వాత భార్య వైపు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ దూలం దిగి నేల మీద కూలబడింది. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ పని మధ్యలో కూర్చోవడం అదే మొదలు.

"ఏమైందిరా?" అంది అక్క.

"ఉప్పు తగిలింది, అక్కా. నలభై ఆరు దగ్గర. పక్కిళ్ళలో పడ్డట్టే."

ముల్లుగారు డ్రమ్ము వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు. "ఇంకో... ఇంకో పదడుగులు పోయి చూడరాదూ?" అన్నాడు.

"ఉప్పు పొర తగిలాక దాన్ని దాటి పోకూడదు, బావగారూ. పైనున్న నీళ్ళూ చెడతాయి, చుట్టుపక్కలవాళ్ళవీ చెడతాయి. పూడ్చెయ్యాల్సిందే."

"నీ నాలుక తప్పేమో."

బావమరిది ఆయన వైపు తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. బడలిక ఉంది. "బాటు తప్పొచ్చేమో గానీ, నాలుక తప్పదండీ," అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు ముల్లుగారు. నోరు మూసుకుంటే చాలు. గొయ్యి పూడుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. భూమిలో ఉప్పుంటే ఎవరేం చేస్తారు? బావమరిది బండి కట్టుకుని పోతాడు. సందులో మూడో ఉప్పు బోరుగా నలుగురూ చెప్పుకుంటారు. తమ్ముడి భార్య అప్పుడే గొలుసు విప్పడం మొదలుపెట్టింది. ఆవిడ అరచేతులు పొక్కులెక్కి ఉండటం ముల్లుగారు అప్పుడు చూశాడు.

"పోనీలేరా. నువ్వొచ్చావు, అది చాలు నాకు," అంది అక్క. కొంగు నడుముకి దోపుకుంది. "సాయంత్రమైతే కుళాయి దగ్గర జనం చేరిపోతారు. నేనిప్పుడే రెండు బిందెలు తెచ్చేస్తాను." గోడకి బోర్లించిన బిందె తీసుకుని, ఒక చేత్తో మోకాలు నొక్కుకుంటూ మెట్టు దిగింది. సరిగ్గా తాను జారిపడ్డ మెట్టే.

"ఆ బిందె దించు," అన్నాడు ముల్లుగారు.

"ఎందుకండీ?"

"దించమన్నానా! ఉప్పు కింద లేదు. డ్రమ్ములో ఉంది. మధ్యాహ్నం నేనే పోశాను. రెండు కిలోలు."

ఎవరూ నమ్మలేదు. ఆయన జీవితంలో ఒప్పుకున్న మొదటి తప్పు అది, దానికి విలువే లేకుండా పోయింది. బావమరిది నెమ్మదిగా లేచాడు.

"ఎందుకిలా అంటున్నారు? ఇక్కడే పైపు దింపించి, రేపు ఉప్పునీళ్ళు వస్తే మళ్ళీ నా మీద రాయడానికా?" అన్నాడు. అనుమానం ఇప్పుడు ఇల్లు మారింది.

"డ్రమ్ము చూడు. నీ నాలుక తప్పదన్నావుగా."

బావమరిది డ్రమ్ము దగ్గరికి వెళ్ళాడు. అడుగున రెండు చెంబుల నీళ్ళు మిగిలున్నాయి. వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాడు. ఉమ్మేసి, డ్రమ్ము అంచు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. అక్క లోపలికి వెళ్ళి ఉప్పు జాడీ తెచ్చి మూత తీసి చూపించింది. అడుగున నాలుగు రాళ్ళు కదిలాయి.

"పోసిన నీళ్ళే చూపించి మోసం చేస్తావేమోనని... గుర్తు కోసం..." అన్నాడు ముల్లుగారు.

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడంటారు," అంది భార్య జాడీ కింద పెడుతూ. "ఈయన ఉప్పు తిని, నీళ్ళు నాచేత మోయించేవారు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది ముల్లుగారికి.

బావమరిది అప్పుడు తలెత్తాడు. చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"తెలిసి చేశారా, తెలియక చేశారా?" అన్నాడు.

ఆ ప్రశ్న ముల్లుగారు కొన్ని వేలసార్లు అడిగి ఉంటాడు. అటు వైపు నిలబడి వినడం ఇదే. ఎంత చిన్న ప్రశ్న! జవాబు ఏది చెప్పినా అడిగినవాడి చేతిలోనే ఉంటుందన్న సంగతి అటు వైపు నిలబడితే గానీ తెలియదు.

"తెలిసే," అన్నాడు ముల్లుగారు.

తమ్ముడి భార్య గొలుసు పట్టుకుని మొగుడి మొహంలోకి చూస్తోంది, విప్పాలా కట్టాలా అని. చివరికి బావమరిది గుంటలోని నీళ్ళు తోడి బయట పోయడం మొదలుపెట్టాడు.

"ఉప్పంతా కడిగేస్తే గానీ అసలు రుచి తెలీదు. రేపటికి నాలుగు డ్రమ్ముల మంచినీళ్ళు కావాలి," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "మూడు మేం మోస్తాం. ఒకటి మీరు మోయాలి, బావగారూ."

మర్నాడు పొద్దున ముల్లుగారు బిందె ఎత్తుకున్నాడు. ఎదురింటి టైలరు కత్తెర పక్కన పెట్టి మరీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొదటి బిందెకి భుజం నొప్పెట్టింది. రెండో బిందెకి నడుము పట్టేసింది. నిండు బిందెతో అంగ సాగదని, పొట్టి పొట్టిగా పడుతుందని, నీళ్ళు ఒలకకుండా వేస్తే ఇంకా పొట్టిదవుతుందని మూడో బిందెకి తెలిసింది. అలవాటు మానలేక లెక్కపెట్టాడు. ఇంతకుముందు ఆయన లెక్కపెట్టింది వట్టి చేతులతో. ఆరో బిందె డ్రమ్ములో వంపి, మెట్టు మీద కూర్చున్న భార్య ముందు ఆగాడు.

"నూట నలభై మూడు," అన్నాడు ఒగరుస్తూ.

"నేను నూట నలభై అన్నాను."

"మూడు ఎక్కువ వచ్చింది."

"అది తరుగు కింద రాసుకోండి," అంది ఆవిడ. నవ్విందో లేదో ఆయనకి చెమట అడ్డొచ్చి కనబడలేదు. పద్నాలుగు బిందెలకి ఆయన డ్రమ్ము నిండింది.

ఆ రోజంతా మంచినీళ్ళు పోసి కడిగారు. సాయంత్రం బావమరిది దోసిలి పట్టి రుచి చూశాడు. అందరూ అతని గొంతు వైపే చూస్తున్నారు. అది గుటక వేసింది. ఉమ్మలేదు.

తర్వాతి రోజు ఇనుప పైపులు పైకి లాగి, సన్న గాట్లు పెట్టిన ప్లాస్టిక్ పైపు దించారు. చుట్టూ గులకరాళ్ళు నింపారు. దించే ముందు బావమరిది సంచిలోంచి పొట్లాలు తీసి, అంకెల వరసలో గట్టు మీద పేర్చి, ఏ అడుగు దగ్గర బంక ఉందో, ఏ అడుగు దగ్గర ఇసుక మొదలైందో చూసుకుని గాట్ల పైపు కొలిచాడు. పని అయ్యాక పొట్లాలన్నీ ఒక డబ్బాలో పెట్టి అక్కకిచ్చాడు.

"దాచి ఉంచు. పదేళ్ళకి పంపు మొరాయిస్తే, వచ్చినవాడికి ఇవి చూపించు. వాడు గుడ్డిగా తవ్వక్కర్లేదు."

డబ్బా మూత మీద 'అక్క ఇల్లు' అని రాసి ఉంది. ముల్లుగారు ఆ రెండు మాటలూ చదివి, పక్కకి వెళ్ళి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

చేతిపంపు బిగించారు. మొదట బురద వచ్చింది. తర్వాత టీ రంగు నీళ్ళు వచ్చాయి. మొగుడూ పెళ్ళాం వంతులవారీగా కొడుతూనే ఉన్నారు. గంట దాటింది, రెండో గంట సగమైంది. గ్లాసులో పడితే అవతల ఉన్న వేళ్ళు కనబడేంత తేటగా వచ్చాయి. బావమరిది ఆ గ్లాసు అక్కకి ఇవ్వలేదు, తనూ తాగలేదు. తీసుకెళ్ళి ముల్లుగారికి అందించాడు.

"మీరు చూడండి. మీకు నమ్మకం కుదిరాకే అక్క తాగుతుంది."

ముల్లుగారు గ్లాసు అందుకున్నాడు. అలవాటుగా వెలుతురుకెత్తి చూడబోయి, ఆగి, చెయ్యి దించాడు. చూడకుండా తాగేశాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట పన్నెండేళ్ళుగా గొంతులో ఉంది. నీళ్ళతో పాటు అది దిగలేదు.

"ఆ రోజు నేనడిగితే, తెలియక అన్నావు," అన్నాడు.

బావమరిది పంపు పట్టుకున్న చెయ్యి ఆగింది. "అన్నాను."

"తెలియకే. నేనే తప్పు రాశాను."

బావమరిది పంపు వైపు తిరిగి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు గట్టిగా కొట్టాడు. నీళ్ళు ధారగా పడి, గట్టు పొంగి, ముల్లుగారి పాదాల మీదికి వచ్చాయి.

"పక్కకి జరుగు, బావా. తడిసిపోతున్నావు," అన్నాడు తల తిప్పకుండానే.

ముల్లుగారు జరగలేదు.